పిలకాయల ఇల్లు

మా తాత కింది వాటాను మేధో వైకల్యం ఉన్నవాళ్ల కేంద్రానికి అద్దెకిచ్చింది దయతో కాదు. ఈ ముక్క ముందే చెప్పేయడం మేలు. ఆయన పోయినప్పుడు పెద్దకర్మ రోజు ఒకాయన లేచి "మానవతామూర్తి" అని మొదలుపెడితే, మా అవ్వ అంత ఏడుపులోనూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమెకు తెలుసు. రెండేళ్లుగా ఖాళీగా పడున్న వాటా అది. అంతకు ముందున్న చిట్టీల వ్యాపారి రాత్రికి రాత్రి సామాను సర్దుకుని పోయాడు. ఆ తర్వాత వీధిలో "ఆ వాటా అచ్చిరాదు" అనే మాట పుట్టింది. మూడు నెలల అడ్వాన్సు ఒక్కసారే ఇస్తామనేసరికి, వచ్చినవాళ్లెవరో ఏమిటో తాత ఎక్కువ ఆరా తీయలేదు.

అది 2006 జూన్. నాకు పదకొండేళ్లు. నెల్లూరు మూలాపేటలో, మూలస్థానేశ్వర స్వామి గుడి గంట వినపడేంత దూరంలో మా మిద్దె ఇల్లు. పైన మేము. కింద రెండు గదులు, ఒక హాలు, వెనక వసారా, బావి, జామచెట్టు.

"బడి వయసు దాటిపోయినవాళ్లకండీ," అంది వచ్చిన మేడం. "పగలు పని నేర్పిస్తాం. తొమ్మిది మంది రాత్రిళ్లు కూడా ఉంటారు. అందరూ పెద్దవాళ్లే."

"పెద్దవాళ్లయితే గోడల మీద గీతలు గీయరు కదా?" అన్నాడు తాత. ఆయన పెట్టిన షరతు అదొక్కటే.

సామాను దిగిన రోజు వీధంతా గడపల్లో నిలబడి చూసింది. టెంపోలోంచి నెరిసిన గడ్డం ఆయన దిగాడు, ఒక కాలు ఈడుస్తూ నడిచే ఆమె దిగింది, రెండు చెవులూ అరచేతులతో మూసుకున్న పొడుగాటి మనిషి దిగాడు. ఎదురింటి పిన్ని బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని "అయ్యో, పాపం పిలకాయలు" అంది. మా నెల్లూరోళ్లకు పిల్లలంటే పిలకాయలే. ఆ సాయంత్రానికి మా ఇంటి పేరు మారిపోయింది. అంతకు ముందు అది "కోర్టాయన ఇల్లు". ఆ తర్వాత పదిహేనేళ్లూ "పిలకాయల ఇల్లు". ఆ పిలకాయల్లో అందరికంటే చిన్నామెకు 22 ఏళ్లు. గడ్డం ఆయనకు 33. ఆ ఇంట్లో నిజమైన పిలకాయను నేనొక్కణ్ణే.

ఎవరి పేర్లూ రాయడం లేదు. అందరినీ ఒక్కొక్కరిగా అడిగే తీరిక చిక్కలేదు, అడక్కుండా రాయడం మర్యాద కాదు. వీధిలో పిలిచిన పేర్లతోనే సరిపెడతాను.

మొదటి వారంలోనే నలుగురు పెద్దమనుషులు పైకొచ్చారు. ఆడపిల్లలు తిరిగే వీధి, రాత్రిళ్లు అరుపులు వినబడుతున్నాయి, ఎవరి మీదైనా పడితే బాధ్యులెవరు, ఇలాంటివన్నీ. తాత జిల్లా కోర్టులో శిరస్తాదారుగా రిటైరైన మనిషి. అన్నీ విన్నాడు. "పదకొండు నెలల అగ్రిమెంటు రాసినాను. మిగతా అద్దె మీ నలుగురూ కట్టేట్టయితే రేపే ఖాళీ చేయిస్తా" అన్నాడు. కాఫీలు తాగి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. ఇందులోనూ దయ లేదని గమనించగలరు.

కింద వాళ్ల పని కాగితపు కవర్లు. మందుల షాపులకు, పప్పుల అంగళ్లకు వేసేవాళ్లు. తెల్లారి మైదా జిగురు ఉడికే వాసన మెట్ల మీదుగా మా వంటింట్లోకి వచ్చేది. ఆ వాసనకు మా అమ్మ మొదట్లో ముక్కు మూసుకునేది. తర్వాత్తర్వాత అది రాకపోతే "ఈరోజు కింద ఇంకా లేవలేదే" అనేది.

ఒక కవరు తయారవడంలో ఎన్ని పనులున్నాయో నాకు అక్కడే తెలిసింది. పాత పేపరు తీయాలి, అట్టముక్క కొలత పెట్టాలి, గీత గీయాలి, కత్తిరించాలి, మడవాలి, జిగురు పూయాలి, అతికించాలి, ఆరబెట్టాలి, ఇరవై ఐదేసి లెక్కపెట్టి కట్ట కట్టాలి. మనకది ఒక పని. మేడం దాన్ని తొమ్మిది పనులు చేసింది. చెయ్యి వణికే ఆమెకు కత్తెర ఇవ్వదు, జిగురు బ్రష్షు ఇస్తుంది. లెక్క రాని మనిషికి ఇరవై ఐదు గళ్లు గీసిన అట్ట ఇస్తుంది. గడికొక కవరు, గళ్లు నిండితే కట్ట. ఇరవై ఐదు అంటే ఎంతో తెలియకుండానే ఆయన కట్ట ఎప్పుడూ తప్పలేదు. షాపతను ఒకసారి అనుమానంతో పది కట్టలు విప్పి లెక్కపెట్టాడు. సరిగ్గా ఉన్నాయి. ఆ పూట నేనక్కడే ఉన్నాను, షాపతని మొహం చూడాల్సింది.

నేర్పడంలో ఇంకో పద్ధతి ఉండేది. మేడం సికింద్రాబాదులోని మానసిక వికలాంగుల జాతీయ సంస్థలో శిక్షణ తీసుకుని వచ్చింది. 1984లో మొదలైన సంస్థ అది, ఇప్పుడు పేరు మార్చారు. అక్కడ నేర్చుకున్నానని చెప్పేది. ఏ పనైనా వెనక నుంచి నేర్పాలి. చొక్కా గుండీలు ఐదుంటే నాలుగు తను పెట్టి, ఆఖరి గుండీ మాత్రం వదిలేసేది. అది పెట్టుకోవడం వచ్చాక ఆఖరి రెండూ వదిలేసేది. తర్వాత మూడు. మొదటి నుంచి నేర్పితే సగంలో విసుగొస్తుంది, పని పూర్తవదు. వెనక నుంచైతే ప్రతిసారీ పూర్తి చేసింది వాళ్లే అవుతారు. "నేనే వేసుకున్నా" అని వీధిలోకి వచ్చి గుండీలు చూపించిన మనిషిని నేనెరుగుదును. ముప్పై దాటిన మనిషి.

ఆయన్నే తర్వాత టీ అన్న అన్నాం. గుడి దగ్గర టీ కొట్టాయనకు కవర్లతో పని లేదు కానీ, అంగళ్లకు టీలు అందించే కుర్రాళ్లు నిలబడేవాళ్లు కాదు. మేడం వెళ్లి అడిగింది. వారం రోజులు చూద్దామన్నాడు. మొదటి నాలుగు రోజులు మేడం వెనకాలే నడిచింది. అయిదో రోజు వీధి మొగలో ఆగిపోయింది. ఏ అంగడికి ఎన్ని టీలో అన్న చదవలేడు, రాయలేడు. ఫ్లాస్కుకు దారం కట్టి, అంగడికొక రంగు పూస గుచ్చారు. ఎన్ని పూసలుంటే అన్ని గ్లాసులు. 2015 చివర్లో చేరిన మనిషి 2020 దాకా ఒక్క టీ లెక్క తప్పలేదని కొట్టాయనే చెబుతాడు. గ్లాసులు మాత్రం చాలా పగలగొట్టాడు. అది కూడా కొట్టాయనే చెబుతాడు.

మార్కుల అక్క సంగతి చెప్పాలి. 2010 ప్రాంతంలో ప్రభుత్వం వైకల్య ధ్రువపత్రాల క్యాంపులు పెట్టింది. సదరం క్యాంపు అనేవాళ్లం. డాక్టర్లు పరీక్షించి శాతం రాసిచ్చేవాళ్లు. మేధో వైకల్యానికి లెక్క ఉంది: తక్కువైతే 50, ఒక మోస్తరుకు 75, తీవ్రమైతే 90, అతి తీవ్రమైతే 100. ఆ కాగితం చేతికొచ్చిన రోజు అక్క దాన్ని పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. "నాకు 90 వచ్చింది!" మా గుమ్మంలోకీ వచ్చింది. "నీకెంత?" అని నన్నడిగింది. నేనప్పుడు పదో తరగతి. లెక్కల్లో 61. చెప్పాను. పాపం అన్నట్టు నా తల నిమిరి, "చదువుకోవాల నాయనా" అని వెళ్లిపోయింది.

కథ అక్కడితో ఆగలేదు. 2014 అక్టోబరు నుంచి పింఛన్లు పెంచారు. 80 శాతం దాటినవాళ్లకు 1500, అంతకు తక్కువైతే 1000. అక్కకు 1500 వచ్చింది, టీ అన్నకు 75 శాతం కాబట్టి 1000. "మార్కులెక్కువొస్తే జీతమెక్కువ" అని ఆమె తేల్చేసింది. లోకం తీరు ఇంతేనని మేమెవరం ఆమెను దిద్దలేదు.

ఇదంతా చదివి, నేనేదో వాళ్ల మధ్య మంచి పిల్లవాడిలా పెరిగాననుకుంటారేమో. ఎనిమిదో తరగతిలో స్నేహితులకు మా కింది వాటా "హాస్టల్" అని చెప్పేవాణ్ణి. ఒకసారి సందులో నలుగురు కుర్రాళ్ల ముందు అక్క నడక నడిచి చూపించాను. కాలు ఈడ్చి, చెయ్యి మడిచి. అందరూ నవ్వుతున్నారు. తలెత్తితే వసారాలో అక్క నిలబడి ఉంది. ఆమె కూడా నవ్వింది. నవ్వి, "కాలు ఇట్ట కాదు, ఇట్ట" అని నడిచి చూపించింది. ఎగతాళి అని తెలిసి అన్నదో, తెలియక అన్నదో నాకు ఈనాటికీ తేలలేదు. ఆ రోజు అన్నం తినకుండా పడుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే మొదటిసారి రాయడం.

కొన్ని సంగతులు మాత్రం ఆ ఇల్లు నాకు గట్టిగా నేర్పింది. ఫిట్స్ వస్తే మన దగ్గర వెంటనే తాళంచెవుల గుత్తి చేతిలో పెడతారు. ఒక సాయంత్రం వసారాలో ఒకామెకు వచ్చింది. వీధిలో సగం మంది తాళాలతో పరిగెత్తుకొచ్చారు. వంటామె అందరినీ అవతలికి తోసి, ఆమెను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టి, నా వైపు చూసి "గడియారం చూడు" అంది. నోట్లో ఏమీ పెట్టకూడదు, గట్టిగా అదిమి పట్టకూడదు, ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి పోవాలి. రెండు నిమిషాల పది సెకన్లు. నా జీవితంలో అంత పొడుగు రెండు నిమిషాలు మళ్లీ చూడలేదు. తర్వాత మా వీధిలో ఎవరికి ఫిట్స్ వచ్చినా తాళాల కోసం కాదు, వంటామె కోసం పరిగెత్తేవాళ్లు.

ఆమె చేతి చేపల పులుసు గురించి రాయకపోతే నెల్లూరోణ్ణి కాను. శనివారం సాయంత్రమే మట్టి దాకలో కాచి, మామిడికాయ ముక్కలు వేసి దించేది. ఆదివారం మధ్యాహ్నానికి గానీ మూత తీయనిచ్చేది కాదు. ముల్లు తీసుకోలేనివాళ్లు ముగ్గురుండేవాళ్లు. వాళ్ల కోసం కొర్రమీను, డబ్బులుంటే వంజరం. ఒకాయనకు మింగడం కష్టం, ఆయన అన్నం పులుసుతో మెత్తగా పిసికి, ఆయన్ను నిటారుగా కూర్చోబెట్టి పెట్టేది. తొందరపెట్టేది కాదు. ఆయన భోజనం ముక్కాలు గంట. ఆ ముక్కాలు గంటా ఆమె ఆయనకు వీధి కబుర్లన్నీ చెప్పేది.

గడ్డం ఆయన్ను పాటల మామ అనేవాళ్లం. ఆయనది డౌన్ సిండ్రోమ్. ఎప్పుడూ చంకలో రేడియో. పొడుగాటి ఆయన, అంటే టెంపో దిగిన రోజు చెవులు మూసుకున్నాయన, మాట్లాడడు. గోడకు ఒక బోర్డు ఉండేది, దాని మీద బొమ్మలు వరసగా: పళ్లపొడి, ఇడ్లీ, కవరు, కంచం, పడక. ఒక పని అయిపోగానే ఆ బొమ్మ తీసి డబ్బాలో వేసేవాడు. తరవాతేం జరగబోతుందో కనిపిస్తే ఆయనకు నెమ్మది. ఆదివారం పొద్దున బోర్డు మీద చేప బొమ్మ పడేది. మా ఇంట్లో ఏం వండాలో అది చూసే మా అమ్మ తేల్చుకునేది.

శ్రీహరికోట అప్పట్లో మా జిల్లాదే కదా, రాకెట్ ఉన్నరోజు మిద్దెలెక్కడం మాకు అలవాటు. 2013 నవంబరు 5న మంగళయాన్. మధ్యాహ్నం 2:38కి. నేను కాలేజీ ఎగ్గొట్టాను. కింది వాళ్లంతా మా పైకొచ్చారు. పాటల మామకు పది నుంచి వెనక్కి లెక్కపెట్టడం నెల రోజులుగా నేర్పుతున్నారు. పది, తొమ్మిది, ఎనిమిది, ఏడు దాకా బాగానే వచ్చేవాడు, అక్కడ నుంచి మళ్లీ ఎనిమిది, తొమ్మిది, పది అని పైకెక్కిపోయేవాడు. ఆ రోజూ అంతే. టీవీలో సున్నా అయిపోయింది, అందరం మిద్దె అంచుకు పరిగెత్తాం. వెలుగు చుక్క కనిపించిందని కొందరు, లేదని కొందరు. మామ మాత్రం ఎనిమిదిలో ఉన్నాడు. "నేను ఇంకా చెప్పనే లే, అదెట్ట పోయింది?" అని చాలా కోపం చేసుకున్నాడు.

తాత మారింది ఎప్పుడో సరిగ్గా చెప్పలేను. ఒక తల్లి మెట్లెక్కి వచ్చి ఏడవడం గుర్తుంది. కొడుకు పేరున ఖాతా తెరవడానికి ఒక బ్యాంకుకు పోతే, అతనికి తెలివి లేదు, నీ సంతకం చెల్లదు, పొమ్మన్నారట. తల్లి సంతకం ఎందుకు చెల్లదని తాతకు పట్టుదల వచ్చింది. పాత కోర్టు మనిషి, పుస్తకాలు తిరగేశాడు. పద్దెనిమిది నిండాక చట్టం ముందు ఎవరైనా పెద్దవాళ్లే. కన్నతల్లి కూడా తనంతట తాను సంరక్షకురాలు కాదు. అందుకే 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షుడిగా స్థానిక కమిటీ ఉంటుంది. అందులో ఒక సంస్థ తరఫు మనిషి, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు ఉంటారు. వాళ్లు సంరక్షకుణ్ణి నియమిస్తూ కాగితం ఇస్తారు. తాత అర్జీ రాశాడు. కాగితం వచ్చింది. ఖాతా తెరిచారు. ఆ తర్వాత కలిగిరి నుంచి, కావలి నుంచి కూడా తల్లులు రావడం మొదలైంది. మా వరండాలో అర్జీల ఆఫీసు తెరుచుకుంది. కాఫీలు పెట్టలేక అవ్వ విసుక్కునేది.

అర్జీల్లో పాతకాలపు "బుద్ధిమాంద్యం" అనే మాట రాయాల్సి వచ్చినప్పుడు తాత పెన్ను ఆపేవాడు. "చట్టం పేరులోనే ఆ మాట పెట్టినారు, నేనేం జేసేది" అని గొణుక్కుంటూ రాసేవాడు. 2016లో కొత్త చట్టం వచ్చి, ఏడు రకాల వైకల్యాలను 21 చేసి, ఆ మాటను తీసేసి మేధో వైకల్యం అన్నప్పుడు ఎనభై దాటిన ఆ మనిషి పేపరు కత్తిరించి దాచుకున్నాడు.

అన్నిటికంటే నాకిష్టమైనది ఓట్ల రోజు. 2014 మే 7. దానికి ముందు ఏడాది తాత వాళ్ల పేర్లు జాబితాలో ఎక్కించాడు. పేరు నమోదుకు వచ్చిన మనిషి "వీళ్లకెందుకు సార్?" అన్నాడు. కోర్టు ఫలానావాడికి మతి స్థిమితం లేదని తీర్పిస్తే తప్ప ఓటు కాదనడానికి లేదు, 1950 నాటి చట్టంలోనే ఉంది, తీర్పు చూపించమన్నాడు తాత. కింద ఐదుగురికి కార్డులొచ్చాయి.

పోలింగుకు రెండు రోజుల ముందు రాత్రి, మీకూ తెలిసిన మనుషులు మీకూ తెలిసిన కవర్లతో వచ్చారు. ఏ పార్టీ అని అడగొద్దు, ఇద్దరూ వచ్చారు. జాబితా చూసి మా ఇంటివి నాలుగు ఓట్లు లెక్కపెట్టాడు ఒకడు. కింద ఐదు దగ్గర ఆగాడు. "ఇవి పిలకాయలవి కదా?" పక్కవాడు జాబితాలోకి తొంగిచూసి, "వయసు చూడబ్బా, నలభై ఒకటి. ఓటు ఓటే గదా" అన్నాడు. మా వీధిలో వాళ్లను పెద్దవాళ్లుగా లెక్కపెట్టిన మొదటి మనుషులు వాళ్లేనని చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది. తాత ఇద్దరినీ తిట్టి పంపాడు. కింద మార్కుల అక్క మాత్రం కవరు తిప్పి చూసి, "అతుకు సరిగా లేదు" అందట.

కత్తిరి ఎండలు. ఏడు గంటలకే బూతు దగ్గర లైను కట్టాం. నాకూ అదే మొదటి ఓటు. పాటల మామకు 41, ఆయనకూ అదే మొదటిది. మేడం పది రోజులుగా అట్టపెట్టెతో ఓటు యంత్రం చేసి నొక్కించింది. ఎవరికి వెయ్యాలో చెప్పలేదు, బొమ్మలన్నీ చూపించి నీ ఇష్టమంది. లోపల ఏజెంటు ఒకాయన సాయం వస్తానన్నాడు, మామ "నాకొచ్చు" అన్నాడు. రెండు యంత్రాలు, ఒకటి అసెంబ్లీకి, ఒకటి పార్లమెంటుకు. రెండు సార్లూ కూతపెట్టాయి.

మామ దగ్గర రహస్యం నిలవదు. మా ఇంట్లో కూర మాడినా వీధికి చెప్పేవాడు. అలాంటి మనిషిని ఎవరికి వేశావని తాత అడిగాడు. చెప్పలేదు. అవ్వ అడిగింది. చెప్పలేదు. నేను మలై కాజా కొనిపెట్టాను. కాజా తిని, సిరా గుర్తున్న వేలు పెదాల మీద పెట్టుకుని నవ్వాడు.

ఇక రొట్టెల పండగ. నెల్లూరు బయటివాళ్ల కోసం చెబుతున్నా. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి రొట్టెలు మార్చుకుంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె, ఏది కావాలంటే అది. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుని తింటారు. తీరితే వచ్చే ఏడాది వాళ్లొచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. హిందువా ముస్లిమా అని ఎవరూ అడగరు. మామ వాళ్లమ్మ ఏటా వచ్చి ఆరోగ్యం రొట్టె తీసుకునేది. మార్కుల అక్క పెళ్లి రొట్టె కోసం వెతికేది. మేము నవ్వేవాళ్లం. మేడం ఒకసారి నెమ్మదిగా "నవ్వడానికేముంది? నువ్వు కోరుకోవా?" అంది. అక్కకు పెళ్లి కాలేదు. ఆ మాటకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

2015 అక్టోబరులో టీ అన్న ఉద్యోగం రొట్టె తీసుకున్నాడు. ఆ తర్వాత నెలన్నరకు టీ కొట్టులో పని దొరికింది. మధ్యలో నవంబరు వానలకు వీధి మునిగి, కింది వాళ్లంతా మూడు రాత్రులు మా హాల్లో పడుకున్నారు. బొమ్మల బోర్డు తేవడం మరిచిపోయి మోకాలి లోతు నీళ్లలో నేనే కిందికి దిగాను.

మరుసటి ఏడు, 2016 అక్టోబరు. నాకు బీటెక్ అయిపోయి ఐదు నెలలు. ఏ కంపెనీ పిలవలేదు. ఇంట్లో ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు, ఆ అనకపోవడమే టెన్షన్. పండగకు వాళ్లతో తోడుగా వెళ్లాను. మా అవ్వ కాల్చిచ్చిన రొట్టెలు పట్టుకుని టీ అన్న నడుం లోతు నీళ్లలో నిలబడ్డాడు. "ఉద్యోగం రొట్టె! ఉద్యోగం రొట్టె!" అని టీలమ్మే గొంతుతో అరుస్తున్నాడు. చుట్టూ నా వయసు కుర్రాళ్లే మూగారు. ఒకటి రెండు ఇచ్చాడు. నేను గట్టు మీద చెప్పులు పట్టుకుని నిలబడి ఉన్నాను. నన్ను చూశాడు. "ఏం జూస్తుండావు, దా" అన్నాడు. దిగాను. తువ్వాలు నెత్తిన వేసుకుని రెండు చేతులూ పట్టాను. రొట్టె సగం విరిచి పెట్టాడు. "తిని పోవాల. ఈడనే తినాల" అన్నాడు.

నాలుగు నెలలకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది.

2018లో తాత పోయాడు. ఆ ఏడాదే మామకు మరుపు మొదలైంది. నలభై ఐదేళ్లకే. రేడియో ఎక్కడ పెట్టాడో మరిచిపోయేవాడు, తర్వాత రేడియోనే మరిచిపోయాడు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడుంటాయి, మతిమరుపు జబ్బుకు కారణమయ్యే ప్రోటీను జన్యువు ఉండేది కూడా దాని మీదే, అందుకే వీళ్లకు అది తొందరగా వస్తుందని డాక్టరు చెప్పాడని మేడం ఫోనులో అంది. వాళ్లమ్మ మా అవ్వ దగ్గర కూర్చున్నప్పుడల్లా ఒకటే మాట: "నాకంటే ఒక్క రోజు ముందు వాణ్ణి తీసుకపోతే చాలు." అది జరగలేదు. 2019లో ఆమే ముందు పోయింది.

కింద ఒక నియమం ఉండేది. చావు దాచకూడదు, పెద్దవాళ్లకు పెద్దవాళ్లలాగే చెప్పాలి. మామకు చెప్పారు. ఏడ్చాడు. మర్నాడు "అమ్మ యాడ?" అన్నాడు. మళ్లీ చెప్పారు. మళ్లీ అప్పుడే విన్నట్టు ఏడ్చాడు. మూడో రోజు టీ అన్న అడ్డం తిరిగాడు. "మళ్ల జెప్పబాకండి" అన్నాడు. మేడం మాటకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. ఆ తర్వాత మామ అడిగినప్పుడల్లా టీ గ్లాసు చేతికిచ్చి "ఊరికి బొయ్యుండాది. వస్తాది. తాగు" అనేవాడు. మేడం నియమం మార్చుకుంది.

2020 మార్చి 12న రాష్ట్రంలో మొదటి కరోనా కేసు నెల్లూరులోనే తేలింది. ఇళ్లున్నవాళ్లను ఇళ్లకు పంపేశారు. టీ కొట్టు మూసేశారు. బోర్డు మీద కవరు బొమ్మ తీసేసి ఏం పెట్టాలో తెలియక ఖాళీగా వదిలేస్తే, పొడుగాటి ఆయన ఆ ఖాళీ ముందు గంటలు గంటలు నిలబడేవాడట.

తర్వాతిది మా సిగ్గు. మా నాన్న, బాబాయి వాటాలు తేల్చుకోవాలనుకున్నారు. 2021లో ఇల్లు అమ్మకానికి పెట్టాం. అగ్రిమెంటు ప్రకారం మూడు నెలల నోటీసు ఇచ్చాం. అన్నీ పద్ధతిగానే చేశాం. ఖాళీ చేసిన రోజు వీధంతా మళ్లీ గడపల్లో నిలబడిందనీ, ఎదురింటి పిన్ని ఒకటే ఏడుపనీ అమ్మ చెప్పింది. నేను సెలవు పెట్టలేదు.

పోయిన డిసెంబరులో వెళ్లాను. జొన్నవాడ దారిలో పొలాల పక్కన చిన్న ఇల్లు. మైదా వాసన గేటు దగ్గరే తగిలింది. మామ లేడు, రెండేళ్లయింది. మార్కుల అక్క జుట్టు సగం నెరిసింది. నా జీతమెంతని అడిగి, నా మార్కులకు అది ఎక్కువేనంది. టీ అన్న ఇప్పుడు అక్కడే అందరికీ టీ పెడుతున్నాడు. నాకూ గ్లాసు ఇచ్చి, ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"రొట్టె తెచ్చినావా?"

అర్థం కానట్టు చూశాను, అర్థమైంది కానీ.

"ఉద్యోగం వచ్చిందిగా. రొట్టె ఇయ్యలేదు. ఒక్క ఏడు గూడా రాలేదు. బాకీ ఉండావు పిలకాయా."

సెలవు దొరకలేదని మొదలుపెట్టి, సగంలో ఆపేశాను. ఈసారి మొహర్రానికి వస్తానన్నాను. కొన్నది పనికిరాదన్నాడు. అవ్వ ఇప్పుడు పొయ్యి దగ్గరికి పోవడం లేదన్నాను.

"నీకు జెయ్యను వచ్చా?"

"రాదు."

కాసేపు ఆలోచించాడు. "పిండి మేం పిసుకుతాం. మేమే ఒత్తుతాం. పెనం మీద నుంచి తీసేది మాత్రం నువ్వు దియ్యి," అన్నాడు. "వచ్చే ఏడు కాల్చేది నేర్పిస్తాం."